వెనక వరస నుంచి మొదలైన గిన్నె

నేను మా మేనమామను ప్రభువు బల్ల దగ్గర కొట్టాను. ఎడమ చేతిలో ద్రాక్షరసం గిన్నె ఉండగానే కుడి చేత్తో కొట్టాను. అప్పటికి దైవశాస్త్రంలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా పరిశోధన అంశం సామాజిక న్యాయం. ఇవన్నీ ఒకచోట పెట్టి చూసుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

కోపం మా ఇంట్లో తాతల నాటి ఆస్తి. మా నాన్న మారుమనసు పొందకముందు, వల తెగిన తగాదాలో తెడ్డు తిరగేసి ఇద్దరి తలలు పగలగొట్టిన మనిషి. ఆ తర్వాత ఒక తుపానులో మూడు రోజులు సముద్రం మీద కొట్టుకుపోయి, ఎలాగో బతికొచ్చి, తెడ్డు వదిలేసి వాక్యం పట్టుకుని పాస్టరయ్యాడు. మా చుట్టాల్లో సగంమంది ఇప్పటికీ గంగమ్మకే మొక్కుతారు. మిగతా సగం నాన్న వెనకే వచ్చి సంఘంలో కలిశారు. నాన్నకి తగ్గిన కోపం నాకు పట్టుకుంది. బడిలో ఎవణ్ణయినా కొడితే రక్తం కళ్ళజూసేదాకా వదిలేవాణ్ణి కాదు. నాన్న నన్ను కొట్టేవాడు కాదు, పక్కన కూర్చోబెట్టుకుని నా తరఫున ఏడుస్తూ ప్రార్థన చేసేవాడు. అంతకంటే నాలుగు తగిలిస్తే బాగుండునని ఉండేది నాకు.

మా ఊరు నౌపడ అవతల, ఒకపక్క సముద్రం, ఒకపక్క ఉప్పు మళ్ళు. రేవు దగ్గర మేం, చేపల వేట మీద బతికేవాళ్ళం. మళ్ళ దగ్గర ఉప్పు లాగే దళిత కుటుంబాలు. మధ్యలో మా ప్రార్థన మందిరం, నాలుగు గోడల మీద సిమెంటు రేకులు. స్థలం మేనమామది. ఆయనకి రెండు బోట్లున్నాయి, సంఘ పెద్ద కూడా ఆయనే. రేవు వాళ్ళు ముందు కూర్చునేవాళ్ళు, మళ్ళ వాళ్ళు వెనక. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు. నెలకో ఆదివారం బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన ఉండేది. ఒకటే స్టీలు గిన్నె, అందరూ దాంట్లోనే తాగాలి. గిన్నె ముందు వరసలో మొదలై వెనక వరసలో ఖాళీ అయ్యేది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అది చూస్తూ పెరిగాను గనక నాకు అందులో చూడాల్సిందేమీ కనపడలేదు.

కనపడేలా చేసింది నేను దైవశాస్త్రం చదివే సెమినరీలో ఒక మేడమ్. చిన్న మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడేది. నేను బల్ల గురించీ, సమానత్వం గురించీ నలభై పేజీల వ్యాసం రాసుకెళ్తే, అంతా విని ఒక్కటే అడిగింది. "మీ సంఘంలో గిన్నె ఎవరి దగ్గర మొదలవుతుంది?" ముందు కూర్చున్నవాళ్ళ దగ్గర అన్నాను. "ముందు ఎవరు కూర్చుంటారు?" నా వ్యాసంలో పేజీలు తిప్పాను. క్లాసులో పన్నెండుమందిమి. వెనక ఎవడో నవ్వాడు. ఆ సాయంత్రం హాస్టల్ గది తలుపుని పిడికిలితో గుద్దాను, చెక్క చీలి వేళ్ళలో దిగింది. న్యాయం మీద నాకంత ప్రేమ పుట్టుకొచ్చిందని అప్పుడు అనుకున్నాను. పన్నెండుమందిలో పరువు పోయిన మంట అది. ఆ రెండింటికీ తేడా తెలియడానికి నాకు ఒక మనిషి చెయ్యి విరగాల్సి వచ్చింది.

క్షేత్ర పరిశోధన అని పేరు పెట్టి నోటుబుక్కుతో ఊరొచ్చాను. మొదట కలిసింది మళ్ళ తాతని. ఊళ్ళో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. డెబ్భై దగ్గర పడ్డ మనిషి, పలక బిగించిన పొడుగాటి కర్రతో మళ్ళలో ఉప్పు గట్టుకి లాగేవాడు. కొడుకూ కోడలూ పోయారు. మనవరాలు శ్రీకాకుళంలో సంక్షేమ హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతోంది, నర్సింగుకి వెళ్తానంటోంది. ఆయన ఏ మాట మొదలుపెట్టినా ఆ పిల్ల దగ్గరికే వచ్చి ఆగేది.

"తాతా, గిన్నె నీదాకా ఆఖర్న వస్తాది కదా, నీకేటీ అనిపించదా?" అని అడిగాను.

"ఎక్కడ మొదలైతే ఏటి బాబూ, నాదాకా వస్తన్నాది కదా" అన్నాడు. "మా గుంట కోసం ఓ మాట పార్దన సెయ్యండి. అది పాసైపోతే సాలు నాకు."

నేను నోటుబుక్కులో "అణచివేతను సొంతం చేసుకున్న మనస్తత్వం" అని రాసుకుని కింద గీత గీశాను. ఆ గీత గీసిన నా చేతిని ఇప్పుడు తలుచుకుంటే నరుక్కోవాలనిపిస్తుంది.

నాన్నతో పెద్ద గొడవే అయింది. నువ్వు ఇరవై ఏళ్ళుగా కులాన్ని బల్ల మీద పెట్టి వడ్డిస్తున్నావు అన్నాను. ఆయన వల మరమ్మతు చేస్తున్నట్టే నింపాదిగా విన్నాడు.

"ఒరే, ఆల్లనీ ఈల్లనీ ఒక కప్పు కింద కూకోబెట్టడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది. ఒక గిన్నెలో నోరెట్టించినాను. నీకది కనబడ్నేదేటి?"

"వరస కనబడింది" అన్నాను.

"వరస కూడా మారతాది. కొట్టి మార్సితే మారదు" అన్నాడు. పిరికివాడి మాట అనుకున్నాను. తెడ్డుతో తలలు పగలగొట్టినవాణ్ణి పట్టుకుని పిరికివాడు అనుకున్నాను.

ఆ వారమే బొబ్బిలి దగ్గర ఒక తోటి పాస్టరుగారు చనిపోతే భూస్థాపన జరిపించడానికి నాన్న వెళ్ళాల్సి వచ్చింది. ఆదివారం బల్ల ఉంది. "నువ్వు నడిపించు. అలవాటు పెకారం సెయ్యి" అని నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు.

అలవాటు ప్రకారం చెయ్యలేదని మీకు ఈపాటికే తెలుసు. రొట్టె విరిచాను, గిన్నె ఎత్తి ప్రార్థన చేశాను, ముందు వరసని దాటుకుని నేరుగా వెనక్కి నడిచాను. మందిరంలో గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. మళ్ళ తాత గోడకి జారబడి కూర్చుని ఉన్నాడు. గిన్నె ఆయన నోటి ముందు పెట్టాను. ఆయన చేతులు జోడించాడు.

"నాకొద్దు బాబూ. ముందు ఆల్లకిచ్చీండి. నేను తరవాత."

"నువ్వే మొదలు, తాతా" అన్నాను, అందరికీ వినపడేలా. దానికి తగ్గ బైబిలు వాక్యం కూడా వినిపించాను. ఆయన కళ్ళు ముందు వరస వైపు పోయాయి, మళ్ళీ నా వైపు వచ్చాయి. అవి భయపడ్డ కళ్ళు. నేను చూశాను. చూసి కూడా గిన్నెని పెదాలకి ఆనించాను. తాగక ఏం చేస్తాడు? పాస్టరుగారి కొడుకు, చదువుకున్నవాడు, నెత్తిమీద నిలబడి పట్టిస్తున్నాడు. ఒక గుక్క తాగి తల వంచుకున్నాడు.

అక్కడి నుంచి గిన్నె తెచ్చి మేనమామ ముందు పట్టాను. ఆయన ముందు గిన్నె వంక చూశాడు, తర్వాత నా వంక.

"నా స్థలంలో నన్ను అవమానం సేస్తన్నావేటిరా?" అని మోచేత్తో గిన్నెని నెట్టేశాడు. సగం రసం నా తెల్లచొక్కా మీద పడింది.

కొట్టాను. ఆలోచించలేదు. పిడికిలి సరిగ్గా మూతి మీద పడింది. పెదవి చిట్లి ముందు పన్ను ఊడి చాప మీద పడటం చూశాను. అత్త కేకలు పెట్టింది. ఆయన కొడుకులిద్దరూ, నా బావలు, నా మెడ పట్టుకుని గోడకేసి కొట్టారు. తల గోడకి తగిలినప్పుడు కూడా నేను తిడుతూనే ఉన్నాను. రేవులో తిట్టే తిట్లే, సెమినరీలో నేర్చినవి కావు. ఇంకో దెబ్బ పడేదే. మేనమామ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఆపాడు.

"ఒగ్గీండిరా ఆడ్ని. ఆడ్ని కొడితే నా సెల్లి ఏడుస్తాది."

వదిలేశారు. అందరూ వెళ్ళిపోయారు. నేను ఖాళీ మందిరంలో కూర్చుని, ఒప్పుకోడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను, సంతోషించాను. గెలిచాననుకున్నాను. చొక్కా మీద మరకని ఉతక్కుండా దాచాలని కూడా అనిపించింది. నన్ను కొట్టకుండా వదిలేసిన ఆ దెబ్బలు ఎక్కడికి పోతాయని ఒక్క క్షణం ఆలోచించలేదు. మా ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి, నాకది తెలియాల్సింది. సొంత మేనల్లుణ్ణి కొట్టలేని చోట, ఆ మంట ఎవడి మీద చల్లారుతుందో ఊళ్ళో చంటిపిల్లలకైనా తెలుసు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఒక ఉప్పు కూలామె మా వాకిట్లోకి పరిగెత్తుకొచ్చి కూలబడింది. "బాబూ, తాతని సంపేస్తన్నారు!"

చెప్పుల్లేకుండా పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి బావలూ, వాళ్ళ బోటు మీద పనిచేసే ఇద్దరూ గట్టు దిగి వెళ్ళిపోతున్నారు. పరుగు కూడా లేదు వాళ్ళకి. వేట ముగించుకుని ఇంటికి పోతున్నవాళ్ళలా నడుస్తున్నారు. తాత మడిలో బోర్లా పడి ఉన్నాడు. ఆయన ఉప్పు లాగే కర్రతోనే కొట్టారు, పలక విడిపోయి పక్కన పడి ఉంది. ముఖం ఉప్పునీళ్ళలో అదిమిపెట్టి తొక్కారట. తిప్పితే కళ్ళు తెరవలేకపోయాడు, కనురెప్పల నిండా ఉప్పు. వీపు మీద చర్మం చిట్లిన చోటల్లా ఉప్పు దిగి మాంసం ఎర్రగా కనపడుతోంది. ఎడమ చెయ్యి మోచేతికీ మణికట్టుకీ మధ్య, మడత ఉండకూడని చోట మడత పడి ఉంది. ఎముక తోలుని లోపల్నుంచి పొడుస్తోంది. నేను ఎత్తబోతే ఆయన అరిచిన అరుపుకి మళ్ళ మీద కొంగలు లేచిపోయాయి.

"ఒక్కో దెబ్బకీ అడిగినారు బాబూ" అని ఆటోలో నా ఒళ్ళో తల పెట్టుకుని గొణిగాడు. "'ముందు తాగతావేటిరా, ముందు తాగతావేటి' అని."

ఆసుపత్రిలో ఆయన్ని దించి, తిరిగొచ్చి బావల్ని నరుకుదామనే అనుకున్నాను. కత్తి ఎక్కడుందో కూడా గుర్తుచేసుకున్నాను. కానీ నేను చదువుకున్నవాణ్ణి కదా, చదువుకున్నవాడికి కత్తి కంటే మంచి ఆయుధం ఉంది. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఫిర్యాదు రాశాను. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల చట్టం కింద రాశాను. రెండు పేజీలు. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. "ఇరవై ఏళ్ళుగా మా క్రైస్తవ సంఘ సభ్యుడూ, బాప్తిస్మం పొందిన విశ్వాసీ అయిన ఈ దళిత వృద్ధుణ్ణి, ప్రభువు బల్లలో మొదట పాలుపొందినందుకు" అని మొదలుపెట్టాను. తాతకి చదివి వినిపించాను. నొప్పికిచ్చిన మందు మత్తులో ఉన్నాడు. "అలగే బాబూ" అన్నాడు. కట్టు కట్టకముందే, ఆ ఎడమ చేతి బొటనవేలితోనే ముద్ర వేయించాను.

స్టేషన్లో ఎస్సై మంచివాడే. మర్యాదగా కుర్చీ చూపించాడు. ఫిర్యాదు మొదటి పేరా చదివి ఆగిపోయాడు, నా వంక జాలిగా చూశాడు.

"ఏటి మాస్టారూ ఇలగ రాసినారు? ఈయన సర్టిఫికెట్లో ఏటుంది?"

"ఎస్సీ."

"ఎస్సీ అంటే కాయితం మీద హిందువు. మీరేమో బాప్తిస్మం, సంఘ సభ్యుడు అని రాసినారు. మతం మారితే ఎస్సీ కింద రాడు, బీసీలోకి ఎల్లిపోతాడు. ఆ చట్టం ఈయనకి పని సెయ్యదు. మామూలు కొట్లాట కేసు కట్టాల." కాగితాన్ని బల్ల మీద పెట్టి వేలితో తట్టాడు. "అది పోనీండి. ఈ కాయితం అవతలోల్ల సేతిలో పడితే ఏటవుద్దో ఆలోసించినారా?"

ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. దళిత క్రైస్తవుల హోదా గురించి సెమినరీలో సెమినార్ పత్రం సమర్పించాను, మంచి మార్కులొచ్చాయి. ఆదివారం మందిరంలో ఒక పేరు, సర్టిఫికెట్ మీద ఒక పేరు పెట్టుకుని మళ్ళ వాళ్ళందరూ ఎలా బతుకుతున్నారో, పాస్టర్లు ఎందుకు చూసీ చూడనట్టు ఊరుకుంటారో ఆ పత్రంలో నేనే రాశాను. కానీ తాత గురించి రాసేటప్పుడు నాకు తాత కనపడలేదు. నా వాక్యం అందంగా ఉండాలని చూసుకున్నాను, అంతే.

ఆ కాగితం మీదే కొట్లాట కేసు కట్టించి వచ్చాను, వారం తిరక్కుండానే దాని నకలు పట్టుకుని మేనమామ మనుషులు రెవెన్యూ ఆఫీసులో అర్జీ పెట్టారు. ఫలానా మనిషి క్రైస్తవుడు, ఎస్సీ సర్టిఫికెట్ మీద మనవరాలికి హాస్టల్ సీటు తెచ్చుకున్నాడు, విచారించండి అని. సాక్ష్యం కోసం వాళ్ళు ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు, అంతా నా దస్తూరీలోనే ఉంది.

పిల్ల హాస్టల్ నుంచి వచ్చేసింది. విచారణ తేలేదాకా ఇంటికి వెళ్ళమంది వార్డెన్. పదిహేడేళ్ళ పిల్ల, బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. బ్యాగు నా కాళ్ళ మీద విసిరింది.

"ఏటి రాసినారు మీరు? సదివి సెప్పండి."

నేను వంగి బ్యాగు తీయబోయాను. చెంప మీద కొట్టింది. అమ్మ అడ్డం రాబోతే నేనే వద్దన్నాను. రెండోసారి కూడా కొట్టింది.

"మా తాత సెయ్యి మీ బావలు ఇరిసినారు. నా సదువు ఇరిసింది నువ్వు. ఆల్లు సెయ్యి ఇరిసినోల్లమనే తిరగతన్నారు. నువ్వేమో మా కోసమని సెప్పుకుంటన్నావు." చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి గానీ గొంతు వణకలేదు. ఇన్నేళ్ళలో ఎందరో పండితులు నా రాతల్ని తప్పుపట్టారు. ఒక్కరూ నన్ను అంత కచ్చితంగా చదవలేదు.

నాన్న బొబ్బిలి నుంచి వచ్చినప్పటి నుంచీ నాతో మాట్లాడటం లేదు. మేనమామ ఇంటికి వెళ్ళి అరుగు కింద నేల మీద కూర్చున్నాడట, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా. తాత కేసు వదులుకుంటే అర్జీ తాము పట్టించుకోమని వాళ్ళు ఒప్పుకున్నారు. కానీ విచారణ మొదలైపోయింది. దాన్ని మూయించాలంటే, ఈయన మా మనిషి కాడని సంఘమే రాసివ్వాలి. నాన్న సంఘ రిజిస్టరు తెచ్చి నా ముందు పడేశాడు.

"రాసినోడివి నువ్వే. నువ్వే కొట్టీ."

"నాన్నా, అది అబద్ధం కదా."

నాన్న చెయ్యి లేచింది. ఇరవై ఏళ్ళ తర్వాత లేచింది. గాల్లో ఆగి, కిందికి దిగింది. "అబద్దమని నాకు సెప్తావేటిరా? నీ నిజానికి సెయ్యి ఇరిగింది. గుంట బతుకు కూడా ఇరగాలేటి?" అన్నాడు. నేను రిజిస్టరులో తాత పేరు కొట్టేశాను. ఆయన పేరు పక్కనే నాన్న రాసిన బాప్తిస్మం తేదీ కూడా కనపడకుండా సిరా రుద్దాను.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ముందు తాత, నేను, నాన్న నిలబడ్డాం. తాత చేతికి మోచేతి పై నుంచి వేళ్ళ దాకా కట్టు. వేళ్ళ కొసలు మాత్రం బయటికి వచ్చి నల్లగా ఉబ్బి ఉన్నాయి.

"చేతికి ఏమైంది?" అడిగాడు ఆయన.

"గట్టు మీద జారి పడిపోనాను బాబూ."

"చర్చికి వెళ్తావా?"

తాత నా వైపు చూడలేదు, నాన్న వైపు చూశాడు. నాన్న తల దించుకున్నాడు. "ఎల్లను బాబూ. నాను ఎప్పుడూ ఎల్లనేదు. మాది అమ్మోరి దణ్ణమే."

నా వంతు వచ్చింది. కాగితం ఇచ్చి రాయమన్నారు. "ఈయన మా సంఘ సభ్యుడు కాడు. బాప్తిస్మం పొందలేదు. మా బల్లలో ఏనాడూ పాలుపొందలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఎక్కడా కొట్టివేత లేదు, అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

"ఈయన వేలిముద్ర వెయ్యాలి. ఎడమ బొటనవేలు" అన్నాడు గుమాస్తా, సిరా పెట్టె జరుపుతూ.

"కట్టుంది కదండీ. కుడిది వేయించండి" అన్నాడు నాన్న.

"కుడిది చెల్లదు. ఫిర్యాదు మీద ఎడమదే ఉంది. రెండూ కలవాలి."

తాత ప్రయత్నించాడు. వేలు వంగలేదు. చెయ్యి ఎత్తేసరికే నుదురంతా చెమట పట్టింది. గుమాస్తా గడియారం చూసుకుని, "ఎవరైనా పట్టి వేయించండి" అన్నాడు. నాన్న కదల్లేదు.

నేను పట్టుకున్నాను. కట్టు లోంచి పొడుచుకొచ్చిన ఆ వేలు కాలిపోతోంది. సిరాలో అద్దాను. కాగితం మీద పెడితే ముద్ర సగమే పడింది, ఇంకోసారి గట్టిగా అన్నాడు గుమాస్తా. రెండు చేతులతో పట్టుకుని అదిమాను. కట్టు లోపల ఎముక కదలడం నా అరచేతికి తెలిసింది. తాత పళ్ళ బిగువున, అరవకుండా, "ఒత్తీండి బాబూ, పడేదాకా ఒత్తీండి" అన్నాడు.

పడేదాకా ఒత్తాను.